ఇంట్లో వెండి పనిగది: మెట్టెల జతతో మొదలుపెట్టడానికి సమగ్ర మార్గదర్శి

ఇంట్లో నగలు తయారు చేయాలనుకునేవారిలో చాలామంది పూసల దండలతోనో, పట్టుదారపు గాజులతోనో, మట్టి నగలతోనో పని మొదలుపెడతారు. ఆ పనులకు సూది, దారం, జిగురు ఉంటే చాలు. లోహాన్ని కోసి, కాచి, వంచి, అతికి, మెరుగుపెట్టే పని వేరు. దానికి నిప్పు కావాలి, ఆమ్లం కావాలి, ఇంట్లో ఒక మూల పూర్తిగా దానికే కేటాయించాలి. ఆ మూలను ఎలా సిద్ధం చేసుకోవాలో, అక్కడ కూర్చుని మొదటి వెండి వస్తువును మొదటినుంచి చివరిదాకా ఎలా చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

మొదటి వస్తువుగా మెట్టెల జతను ఎంచుకోవడానికి గట్టి కారణాలున్నాయి. బంగారాన్ని కాళ్లకు పెట్టుకోకూడదన్న ఆచారం వల్ల మన ఇళ్లలో మెట్టెలు వెండివే ఉంటాయి కనుక చేసిన వస్తువు ఎప్పుడూ వృథా కాదు. ఒక్కో మెట్టెకు రెండు గ్రాముల లోపు వెండి సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మూడు గుండ్లు అతికిన చిన్న మెట్టెలో స్వర్ణకారుడి పనిలోని మౌలిక క్రియలన్నీ ఉన్నాయి. దాన్ని లోపం లేకుండా చేయగలిగినవారికి ఉంగరం, జుంకా, పతకం కొత్త విద్యలు కావు, అదే విద్యకు కొనసాగింపులు. పది రకాల వస్తువులను సగం సగం నేర్చుకోవడం కంటే ఒక్క వస్తువును పూర్తిగా నేర్చుకోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

గది, బల్ల, వెలుతురు

వంటగదిలో ఈ పని చేయకూడదు. వంటగట్టు మీద గ్యాసు, నీళ్లు అందుబాటులో ఉన్నాయి కదా అనిపించడం సహజమే కానీ, లోహపు పొడి, వెలిగారం (అతుకు చక్కగా పారడానికి రాసే బోరాక్స్), ఆమ్లం ఆహారం ఉండే చోటికి రాకూడదు. విడి గది లేకపోతే వరండాలో గాలివాటు తగలని మూల, లేదా పడకగదికి ఆనుకుని తలుపు వేసుకోగలిగిన బాల్కనీ సరిపోతుంది. గాలి ధారాళంగా రావాలి, కానీ మంట మీద నేరుగా వీచకూడదు. నేల నునుపుగా, పగుళ్లు లేకుండా ఉండాలి. తివాచీ పనికిరాదు. రెండు మిల్లీమీటర్ల వెండి గుండు చేయిజారినప్పుడు తివాచీలో పడితే ఇక దొరకదు, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

బల్ల ఎత్తు మామూలు రాతబల్ల కంటే ఎక్కువ ఉండాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు బల్ల అంచు ఛాతీ దగ్గరికి వస్తే, వంగకుండానే వస్తువు కళ్లకు ఆనుతుంది, మోచేతులకు ఆధారం దొరుకుతుంది. రాతబల్ల మీదే పనిచేస్తే నెల తిరగకముందే మెడనొప్పి మొదలవుతుంది. మన స్వర్ణకారులు తరతరాలుగా నేలమీద కూర్చుని, ముందు చిన్న పీట పెట్టుకుని పనిచేస్తూ వచ్చారు. మోకాళ్లు సహకరించేవారికి ఆ పద్ధతి నేటికీ మంచిదే, ఎందుకంటే జారిన ప్రతి ముక్కా పక్కనే పడుతుంది. బల్ల వాడేవారు అంచుకు ఒక చెక్కనాలుక బిగించి, దాని మధ్యలో ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో కోత పెట్టుకోవాలి. కోయడం, ఆకురాయి పట్టడం అంతా ఆ నాలుక మీదే జరుగుతుంది. దాని కింద ఒడిలోకి వేలాడేలా తోలుముక్కనో, బల్లకు సొరుగులా జారే పళ్లేన్నో అమర్చుకుంటే రాలిన వెండి అంతా అందులో చేరుతుంది.

వెలుతురు రెండు రకాలుగా కావాలి. కొలవడానికి, కోయడానికి తెల్లటి ఎల్ఈడీ దీపం పక్కనుంచి పడాలి. కాచేటప్పుడు మాత్రం గది మసకగా ఉండాలి, ఎందుకంటే వేడెక్కిన వెండి రంగు ఎండ వెలుగులో కనబడదు. కిటికీకి ముదురు రంగు తెర ఉంటే సరిపోతుంది. కానీ ఆ తెర మంటకు కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండాలి.

అపార్టుమెంటులో ఉండేవారు సుత్తి చప్పుడు సంగతి కూడా ముందే ఆలోచించాలి. దాగలిని (సుత్తి దెబ్బకు ఆధారంగా ఉండే ఉక్కు దిమ్మను) నేరుగా బల్లమీద పెట్టకుండా, ఇసుక నింపి కుట్టిన గట్టి గుడ్డసంచి మీద పెడితే చప్పుడు బాగా తగ్గుతుంది. కింది ఇంటివారితో ఒకసారి మాట్లాడి, ఏ వేళల్లో వారికి ఇబ్బంది ఉండదో తెలుసుకుని, సుత్తి పనంతా ఆ వేళల్లోనే పెట్టుకోవాలి.

నిప్పు, గ్యాసు, ఆమ్లం

పనిముట్లు కొనకముందే ఈ భాగం పూర్తి కావాలి. ఒకప్పుడు కుంపటి, ఊదుగొట్టంతో జరిగిన పని నేడు గ్యాసు మంటతో జరుగుతోంది. రెండు మూడు గ్రాముల వస్తువులకు చేతిలో ఇమిడే బ్యూటేన్ టార్చి చాలు. పట్టీలు, గాజుల వంటి పెద్ద వస్తువులకు వెళ్లినప్పుడే ఎల్పీజీ టార్చి అవసరమవుతుంది. అప్పుడు కూడా వంటకు తీసుకున్న 14.2 కిలోల గృహ వినియోగ సిలిండరును వాడకూడదు. అమ్మకానికి చేసే పనిలో దాన్ని వాడటం నిబంధనలకు విరుద్ధం. 5 కిలోల చిన్న సిలిండరు మార్కెట్ ధరకు విడిగా దొరుకుతుంది, ఇంటి పనిగదికి అది చాలా కాలం వస్తుంది.

ఎల్పీజీ, బ్యూటేన్ రెండూ గాలి కంటే బరువైనవి. లీకైన గ్యాసు పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. అందువల్ల పైన కిటికీ తెరిచి ఉంచినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. తలుపు కిందనో, నేలకు దగ్గరగా ఉన్న జాలీ ద్వారానో గాలి బయటికి పోయే దారి ఉండాలి. రెగ్యులేటరును పని అయిన ప్రతిసారీ కట్టేయాలి. గొట్టం బిగింపులకు వారానికొకసారి సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. చేతికందే దూరంలో ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక, పొడి రసాయనపు అగ్నిమాపక యంత్రం ఉండాలి. మంట పెట్టే బల్ల భాగం మీద సిమెంటు పలకనో, మందపాటి షాబాదు రాయినో పరిచి, దానిపైన కొలిమి ఇటుక ఉంచాలి. షాబాదు రాయి మీద నేరుగా మంట పెట్టకూడదు, వేడికి అది చిట్లవచ్చు.

దుస్తుల విషయంలో రాజీ పడకూడదు. నైలాన్, పాలిస్టర్ బట్ట నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలు బట్టలే వేసుకోవాలి, చీరకొంగు నడుముకు దోపి ఉండాలి, జుట్టు ముడివేసి ఉండాలి, చున్నీ పక్కన పెట్టాలి. కళ్లద్దాలు కోతకు, కాపుకు, మెరుగుకు అన్నిటికీ అవసరమే. సాన పట్టేటప్పుడు ముక్కుకు మామూలు గుడ్డ కాక దుమ్మును ఆపగల ఎన్95 మాస్కు ఉండాలి.

టంకం, అంటే రెండు ముక్కలను అతకడానికి కరిగించే లోహం, కొనేటప్పుడు కాడ్మియం లేనిదేనని దుకాణదారును అడిగి తీసుకోవాలి. బంగారపు పనిలో కేడీఎం అన్న పేరుతో మనందరం విన్నది ఈ కాడ్మియం టంకమే. కాడ్మియం 321 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, 767 డిగ్రీల వద్ద మరుగుతుంది. వెండిని అతికే వేడి సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటుంది కనుక ఆవిరి గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు తీవ్రమైన హాని చేస్తుంది. ఇల్లు అంటే పిల్లలు, పెద్దవాళ్లు పీల్చే గాలి కూడా అదే. ధర తక్కువని ఆ టంకాన్ని ఇంట్లోకి తేవడం ఎంతమాత్రం తగదు.

కాచిన వెండిని శుభ్రపరచడానికి గంధకికామ్లం వాడే అలవాటు అంగళ్లలో ఉంది. ఇంట్లో దాని అవసరం లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు అదే పని కాస్త నిదానంగా చేస్తుంది. అర లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, చేయి పెట్టలేనంత వేడిగా, కానీ మరగకుండా ఉంచితే చాలు. పటిక ద్రావణం కూడా పనికివస్తుంది. ఏ ఆమ్లమైనా నీళ్లలో కలపాలి గానీ ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఈ పనికి వాడిన గిన్నె, చెంచా తిరిగి వంటకు వెళ్లకూడదు. నిమ్మ ఉప్పు, వెలిగారం చూడటానికి ఉప్పులా, పంచదారలా ఉంటాయి కనుక సీసాల మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని అలమరలో తాళం వేసి ఉంచాలి.

పనిముట్లు

మొదటి రోజే మోటారు, సాన యంత్రం, రోలింగ్ మిల్లు కొనమని చెప్పేవారుంటారు. వాటి అవసరం తరువాత వస్తుంది. మెట్టెల జతకు కావలసినవి ఇవి: రంపపు చట్రం, దానికి 2/0 నంబరు బ్లేడ్లు ఒక డజను, ఒక వైపు చదునుగా, మరో వైపు గుండ్రంగా ఉండే ఆకురాయి ఒకటి, సన్నని సూది ఆకురాళ్ల జత ఒకటి, నొక్కులు పడని నునుపు మూతి పటకారు రెండు, చదును మూతి ఉక్కు సుత్తి, నైలాన్ సుత్తి, అరచేతిలో పట్టేంత ఉక్కు దాగలి, ఉంగరాలు గుండ్రం చేసే మొన తేలిన ఉక్కు కడ్డీ, సన్నని చిమటా, రాగి పటకారు, బొగ్గు దిమ్మ, వెర్నియర్ కాలిపర్, 0.01 గ్రాము దాకా తూచే ఎలక్ట్రానిక్ త్రాసు. హైదరాబాదులో గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల, సికింద్రాబాదు పాట్ మార్కెట్ ప్రాంతంలో వెతికితే ఇవి దొరుకుతాయి. ఇతర పట్టణాల్లో స్వర్ణకారులుండే వీధిలో అడిగితే దుకాణం చూపిస్తారు.

వీటిలో డబ్బు పెట్టవలసినవి ఆకురాయి, త్రాసు. చవక ఆకురాయి పళ్లు వెండిని కోయకుండా గీకుతాయి. సుత్తి పాతదైనా ఫరవాలేదు, కానీ దాని ముఖం అద్దంలా ఉండాలి. సుత్తి మీద ఏ గీత ఉంటే అదే గీత ప్రతి దెబ్బకూ వెండి మీద అచ్చుపడుతుంది. వానాకాలంలో ఉక్కు పనిముట్లకు తుప్పు త్వరగా పడుతుంది కనుక పని ముగిసాక నూనె తడిపిన గుడ్డతో తుడిచి, నిమ్మ ఉప్పు ద్రావణానికి దూరంగా ఉంచాలి.

పుస్తకాలు, వీడియోలు చూసి చాలా నేర్చుకోవచ్చు. అయినా మీ ఊరి స్వర్ణకారుడి దగ్గర కొన్ని వారాలైనా కూర్చుని చూడటానికి సాటి ఏదీ లేదు. యంత్రపు నగలు వచ్చాక పని తగ్గి, చేతి విద్య ఉండీ చేసే అవకాశం లేని పెద్దలు మన పట్టణాల్లో ఎందరో ఉన్నారు. వారి సమయానికి తగిన ప్రతిఫలం ఇచ్చి నేర్చుకోవడం ఇద్దరికీ గౌరవం. కరీంనగర్ వెండి తీగపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పని చేసే చేతుల్ని ఒకసారి దగ్గరగా చూస్తే, తీగను ఎంత సన్నగా, ఎంత ఓపికగా నడిపించవచ్చో అర్థమవుతుంది.

వెండి కొనడం

స్వచ్ఛమైన వెండి 961.8 డిగ్రీల వద్ద కరుగుతుంది, కానీ మరీ మెత్తన. అందుకే నగలకు వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి ఉన్న మిశ్రమాన్ని వాడతారు. ఈ 925 వెండి దాదాపు 800 డిగ్రీల వద్ద కరగడం మొదలై 893 డిగ్రీలకు పూర్తిగా కరుగుతుంది. టంకం 700 డిగ్రీలు దాటాక పారుతుంది. అంటే అతుకు పడటానికీ వస్తువు కరగడానికీ మధ్య ఉన్న ఎడం చాలా తక్కువ. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే మంట పట్టే చేయి దానంతటదే జాగ్రత్తపడుతుంది.

మొదట్లో 2 మిల్లీమీటర్ల తీగ, 1 మిల్లీమీటరు తీగ సిద్ధంగా ఉన్నవి కొనుక్కోవడం మంచిది. 2 మిల్లీమీటర్ల గుండ్రని 925 తీగ సెంటీమీటరుకు సుమారు 0.33 గ్రాములు తూగుతుంది. కొన్న తీగను మీ త్రాసులో తూచి ఈ లెక్కతో సరిచూసుకోండి. ఇంట్లోని పాత పట్టీలను కరిగించి కొత్త నగలు చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వాటి స్వచ్ఛత ఎంతో తెలియదు, లోపల టంకం ఎంత ఉందో తెలియదు. అభ్యాసానికి వాడుకోవచ్చు గానీ, 925 అని చెప్పి అమ్మే వస్తువులో వాటిని కలపకూడదు. వెండికి ముందు రాగి తీగతో ఇవే కొలతల్లో రెండు మూడు జతలు చేసి చూసుకుంటే చేతికి సుత్తి బరువు, రంపపు నడక అలవాటవుతాయి.

మెట్టె తయారీ

ప్రతి దశలోనూ రెండు మెట్టెలనూ పక్కపక్కనే చేయాలి. ఒకటి పూర్తి చేసి రెండోది మొదలుపెడితే జత కుదరదు.

మొదటి దశ కొలత. కాలి రెండో వేలి చుట్టూ, మెట్టె నిలిచే చోట, సన్నని కాగితపు పట్టీ చుట్టి గుర్తు పెట్టాలి. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కనుక సాయంత్రపు కొలతే తీసుకోవాలి. తీగను వంచినప్పుడు లోపలి అంచు కుంచించుకుంటుంది, బయటి అంచు సాగుతుంది. అందుకని కాగితం కొలతకు తీగ మందాన్ని 3.14తో గుణించి కలపాలి. కాగితం 47 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 2 మిల్లీమీటర్ల తీగకు 6.3 కలిపితే 53.3 అవుతుంది. వెనకవైపు 3 మిల్లీమీటర్ల సందు వదిలితే తీగ నిడివి సుమారు 50 మిల్లీమీటర్లు.

రెండో దశలో 55 మిల్లీమీటర్ల ముక్కలు రెండు కోయాలి. రంపపు బ్లేడు పళ్లు పిడివైపు వాలి ఉండేలా బిగించి, బ్లేడును మీటితే ఖంగున మోగేంత బిగువు ఉంచాలి. రంపం నిలువుగా పైకీ కిందికీ నడవాలి, కోత కిందికి లాగేటప్పుడే పడుతుంది. బ్లేడుకు కొంచెం మైనం రాస్తే సాఫీగా జారుతుంది. బలం పెట్టినకొద్దీ బ్లేడ్లు తెగుతాయి.

మూడో దశ కాపు. తీగను తయారుచేసేటప్పుడు వెండి గట్టిపడి ఉంటుంది. దాన్ని మెత్తబరచడానికి ఇటుక మీద పెట్టి, మంటను ముందుకూ వెనక్కూ కదుపుతూ సమంగా కాచాలి. 600 నుంచి 650 డిగ్రీల మధ్య, మసక వెలుతురులో, వెండి లేత ఎరుపు తిరుగుతుంది. అక్కడే ఆగాలి. కాచడానికి ముందు మార్కర్ పెన్నుతో ఒక గీత గీస్తే, ఆ గీత మాయమవడం కూడా వేడి చేరువైందనడానికి ఒక సూచన. నారింజ రంగు దాకా వెళితే లోహపు రేణువులు పెరిగి, వంచినప్పుడు పైపొర నారింజ తొక్కలా గరుకుదేరుతుంది. ఎరుపు తగ్గాక రాగి పటకారుతో పట్టి నీళ్లలో ముంచాలి.

నాలుగో దశలో గుండ్లు కూర్చునే పీఠం చేయాలి. తీగ నడిమిన 12 మిల్లీమీటర్ల మేర గుర్తుపెట్టి, దాగలి మీద ఉంచి, నునుపైన సుత్తితో సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేదాకా చదును చేయాలి. దెబ్బలు బలంగా కాక దగ్గర దగ్గరగా, ఒకే తీరున పడాలి. చదును చేసినప్పుడు తీగ కొంచెం సాగుతుంది. అందుకే ముందు ఎక్కువ నిడివి కోశాం. ఇప్పుడు పీఠం సరిగ్గా నడిమికి వచ్చేలా రెండు కొసలనూ కోసి 50 మిల్లీమీటర్లకు తేవాలి. కొసలను ఆకురాయితో వరిగింజ మొనలా గుండ్రంగా తీర్చాలి. మెట్టె పెట్టుకున్న మనిషికి పక్క వేలు గీరుకుంటే ఆ వస్తువు పెట్టెలోకి వెళ్లిపోతుంది కనుక ఈ పనికి ఎంత సమయమైనా ఇవ్వవచ్చు. తరువాత నైలాన్ సుత్తితో ఉక్కు కడ్డీ చుట్టూ, ముందు నడుము, ఆపై కొసలు, గుండ్రంగా వంచాలి. ఉక్కు సుత్తితో వంచితే తీగ మీద నొక్కులు పడతాయి.

ఐదో దశ గుండ్లు. కరిగిన వెండి చిన్న ముక్క తలతన్యత వల్ల తనంతట తానే గుండ్రంగా చుట్టుకుంటుంది. ఒకే బరువున్న ముక్కలు కోస్తే ఒకే పరిమాణపు గుండ్లు వస్తాయి. 2.5 మిల్లీమీటర్ల గుండుకు 1 మిల్లీమీటరు తీగ సుమారు 10.5 మిల్లీమీటర్లు కావాలి. అటువంటివి ఆరు ముక్కలు, పోయినవాటికి బదులుగా మరో రెండు కోసి, ఒక్కొక్కటి చిన్న చుట్టగా చుట్టాలి. బొగ్గు దిమ్మ మీద ఉలి మొనతో లోతు లేని గుంటలు చేసి, ఒక్కో చుట్టకు వెలిగారపు నీళ్లు అంటించి, గుంటలో పెట్టి కాచాలి. ముక్క ఎర్రబడి, ముడుచుకుని, ఒక్కసారిగా అద్దంలా తళుక్కుమని గుండ్రంగా తిరుగుతుంది. ఆ క్షణమే మంట తీసేయాలి. రాతి మీద కాకుండా బొగ్గు మీద చేయడానికి కారణం, బొగ్గు తాను వేడిని పట్టుకుని, చుట్టూ ఉన్న ప్రాణవాయువును తానే తీసుకోవడం వల్ల గుండు మీద నల్లదనం తక్కువ పడుతుంది.

ఆరో దశ మాటు వేయడం, అంటే టంకంతో అతకడం. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక అడిగే దశ ఇదే. టంకం సందులను పూడ్చదు, దగ్గరగా ఆనిన రెండు తలాల మధ్యకు మాత్రమే పారుతుంది. గుండ్రని గుండు చదును పీఠాన్ని ఒక్క చుక్క దగ్గరే తాకుతుంది కనుక, ప్రతి గుండు అడుగునా సూది ఆకురాయితో ఒక మిల్లీమీటరు వెడల్పు చదును తీయాలి. గుండ్లను, పీఠాన్ని నిమ్మ ఉప్పు ద్రావణంలో ఉంచి, కడిగి, ఆరబెట్టాక మళ్లీ వేలు తగలనివ్వకూడదు. చర్మపు జిడ్డు ఉన్న చోట టంకం పారదు.

వెలిగారపు పలుకును చిన్న రాతి పలక మీద నీళ్లతో అరగదీసి పాలలా చేయాలి. బొగ్గు దిమ్మలో రంపంతో గాడి తీసి, పీఠం పైకి ఉండేలా మెట్టెను అందులో నిలబెట్టాలి. పీఠానికి వెలిగారం రాసి, మూడు గుండ్లను వరుసగా ఉంచి, ప్రతి గుండు మొదట్లో ఆవగింజలో సగమంత హార్డ్ టంకపు (ఎక్కువ వేడికి గానీ కరగని రకం) ముక్క పెట్టాలి. టంకం ఎక్కువైతే గుండ్ల మధ్య సందులు నిండి పని మొద్దుగా కనిపిస్తుంది, తరువాత దాన్ని తీయడం చాలా కష్టం. అటుఇటు గుండ్లు కొద్దిగా వాలున ఉంటాయి, కానీ ఎండిన వెలిగారం వాటిని పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు మంటను దూరం నుంచి, మెట్టె చుట్టూ తిప్పుతూ, నిదానంగా తేవాలి. వెలిగారంలోని నీరు మరిగేటప్పుడు అది పొంగి గుండ్లను కదుపుతుంది. తొందరపడితే గుండు దొర్లిపోతుంది. పొంగు అణిగి, తెల్లగా ఎండి, గాజులా పారదర్శకమయ్యేదాకా వేచి ఉండాలి. ఆ తరువాత మంటను గుండ్ల మీద కాక తీగ మీద, పక్కల నుంచి, కింది నుంచి పెట్టాలి. గుండ్లు చిన్నవి కనుక ముందుగా వేడెక్కుతాయి. నేరుగా మంట తగిలితే తీగ సిద్ధం కాకముందే అవి పీఠం మీదే కరిగిపోతాయి. అంతేకాక, టంకం ఎటు వేడి ఎక్కువగా ఉంటే అటు పారుతుంది. తీగ, గుండ్లు ఒకే రంగుకు వచ్చినప్పుడు టంకపు ముక్క కుంగి, వెండి గీతలా మెరుస్తూ గుండు చుట్టూ పరుగెడుతుంది. మూడు చోట్లా ఆ గీత కనబడగానే మంట తీసేయాలి. ఒక గుండుకు పారకపోతే వేడిని పెంచుతూ పోవద్దు. చల్లార్చి, కడిగి, వెలిగారం మళ్లీ రాసి, రెండోసారి కాచడమే సరైన పద్ధతి.

ఏడో దశలో, చల్లారిన మెట్టెను వేడి నిమ్మ ఉప్పు ద్రావణంలో పది పదిహేను నిమిషాలు ఉంచాలి. గాజులా పట్టిన వెలిగారం, నల్లని రాగి ఆక్సైడ్ రెండూ కరిగి, వెండి మసక తెలుపుగా బయటపడుతుంది. ఇక్కడ ఇనుప చిమటా ముంచకూడదు. ద్రావణంలో కరిగిన రాగి ఇనుము సమక్షంలో వెండి మీద పేరుకుని గులాబిరంగు పూతగా మారుతుంది. రాగి పటకారు కానీ వెదురు పుల్ల కానీ వాడాలి. తరువాత వంటసోడా నీళ్లలో, ఆపై మంచి నీళ్లలో కడిగి, చిమటాతో ప్రతి గుండునూ పక్కకు గట్టిగా నెట్టి చూడాలి. ఊడవలసిన గుండు మీ బల్ల దగ్గరే ఊడాలి.

చివరి దశలో రెండు పనులున్నాయి. మాటు వేసిన వేడికి మెట్టె మొత్తం మళ్లీ మెత్తబడి ఉంటుంది. అలాగే ఇస్తే వేలికి బిగువు నిలవదు. ఉక్కు కడ్డీకి ఎక్కించి, గుండ్లు తగలకుండా రెండు పక్కలనూ, కొసలనూ నైలాన్ సుత్తితో చుట్టూ కొట్టి గట్టిపరచాలి. తరువాత ఎమెరీ కాగితం 400, 600, 1000 వరుసలో, ప్రతిసారీ రుద్దే దిశ మారుస్తూ, ముందటి గీతలు పూర్తిగా పోయాకే తరువాతి దానికి వెళ్లాలి. గుండ్ల మధ్య సందుల్లో దారానికి మెరుగుపొడి పట్టించి లాగాలి. ఆఖరున కుంకుడు రసంలో ఇత్తడి తీగల మెత్తని బ్రష్షుతో రుద్ది కడిగితే వచ్చే మెరుపు, యంత్రం ఇచ్చే అద్దపు మెరుపు కంటే నా కంటికి అందంగా ఉంటుంది.

తూకం, తరుగు, ధర

పనిగదిలో ఒక లెక్కపుస్తకం ఉండాలి. పని మొదట్లో తీసుకున్న వెండి, పూర్తయిన వస్తువు, మిగిలిన ముక్కలు, పళ్లెంలో చేరిన పొడి నాలుగూ తూచి రాయాలి. తేడా వచ్చినదే అసలు తరుగు. పొడిలో అయస్కాంతం తిప్పితే ఆకురాళ్ల నుంచి రాలిన ఇనుము విడిపోతుంది. టంకం అంటిన ముక్కలను శుభ్రమైన ముక్కలతో కలపకూడదు, ఎందుకంటే కరిగించినప్పుడు స్వచ్ఛత పడిపోతుంది. రెండు డబ్బాలు విడిగా పెట్టుకోవాలి. గది ఊడ్చిన చెత్తను కూడా పారేయకుండా దాచి, ఏడాదికొకసారి వెండి శుద్ధిచేసేవారికి ఇవ్వవచ్చు.

పై కొలతలతో చేసిన జత సుమారు 3.8 గ్రాములు తూగుతుంది. లెక్క కోసం గ్రాము 150 రూపాయలనుకుంటే వెండి విలువ 570 రూపాయలు. దుకాణాల్లోలాగా మజూరీని తూకం మీద శాతంగా వేస్తే, ఇంత చిన్న వస్తువుకు చేతిలో ఏమీ మిగలదు. అందుకని మజూరీని గంటల చొప్పున లెక్కించాలి. అలవాటైన చేతికి జతకు మూడు గంటలు పడుతుందనుకుని, గంటకు 150 చొప్పున 450, తరుగుకు 30, గ్యాసు, బ్లేడ్లు, కాగితాలకు 40 కలిపితే 1,090 రూపాయలవుతుంది. ఈ నాలుగు అంకెలనూ బిల్లులో విడివిడిగా చూపించండి. కొనేవారు బేరమాడినప్పుడు గంటల లెక్క వారి కళ్లముందు ఉంటుంది. జీఎస్టీ నమోదు ఉన్నవారు వెండి నగలపై 3 శాతం పన్ను కలపాలి.

హాల్‌మార్కు బంగారు నగల విషయంలోలాగా వెండికి తప్పనిసరి చేయలేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) గుర్తుతో స్వచ్ఛంద హాల్‌మార్కింగు అమలులోకి వచ్చింది. అది వేయించుకోవాలంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వద్ద విక్రేతగా నమోదు కావాలి. నమోదు లేనంతకాలం, సొంతంగా 925 ముద్ర కొట్టి దాన్ని హాల్‌మార్కుగా చెప్పకూడదు. వాడిన తీగ ఏ స్వచ్ఛతదో, ఎక్కడ కొన్నదో బిల్లు మీద రాసి ఇవ్వడం చాలు.

ఇంటితో సర్దుబాటు

ఇంట్లో పనిచేసేవారికి పని ఎక్కడ ఆగుతుందో, ఇల్లు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. మంట, ఆమ్లం అవసరమైన పనులన్నీ పిల్లలు బడిలో ఉండే వేళకు పెట్టుకుని, కొలతలు, ఆకురాయి, మెరుగు వంటివి మిగతా వేళలకు వదిలితే రెండూ సాగుతాయి. మంట వెలిగించి ఉండగా తలుపు గంట మోగితే, ముందు మంట ఆర్పి, రెగ్యులేటరు కట్టేసి, అప్పుడే లేవాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు. గదిలో తినడం, తాగడం ఉండకూడదు. బయటికి వచ్చేటప్పుడు చేతులు సబ్బుతో కడిగి, పనిచొక్కా గదిలోనే వదిలేయాలి. కంటికి దగ్గరగా చూస్తూ గంటసేపు కూర్చున్నాక లేచి, దూరంగా ఉన్నదాన్ని కాసేపు చూస్తే కళ్లు, నడుము రెండూ తేరుకుంటాయి.

పూర్తయిన వెండిని గాలి చొరబడని సంచిలో, ఒక సుద్దముక్కతో కలిపి దాచాలి. గాలిలోని గంధకం వల్లే వెండి నల్లబడుతుంది కనుక రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ దాని దరిదాపుల్లో ఉండకూడదు. మెట్టెలు ఇచ్చేటప్పుడు, వాటిని పదేపదే విప్పి బిగిస్తే తీగ నడుము దగ్గర గట్టిపడి విరుగుతుందని కొనేవారికి చెప్పాలి. వేలి కొలత మారితే మీ దగ్గరికే తెమ్మనండి. హార్డ్ టంకం వాడాం కనుక, 600 డిగ్రీల ప్రాంతంలో మళ్లీ కాచి మెత్తబరిచినా గుండ్లు కదలవు. కొత్త కొలతకు సర్ది, సుత్తితో గట్టిపరిచి ఇవ్వడానికి పావుగంట చాలు. దానికి మజూరీ తీసుకోనవసరం లేదు.